అందరికీ కనబడేలా తిన్న మా అత్త

మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. చెల్లెలు ఫోన్ చేసి చెప్పాక, నాకు ఏడుపు కంటే ముందు ఆకలి వేసింది. చెప్పుకోవడానికి సిగ్గుపడను. అత్త ఉంటే సిగ్గుపడనిచ్చేది కాదు.

రాయ్‌పూర్‌లో రైల్వే నర్సుగా చేసి రిటైరైంది. మామయ్య పోయాక, ఆడమనిషి హోటళ్లలో కూర్చుని తినడమేమిటని చుట్టాలు గొణిగారు. ఆమె ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నన్ను వెంటబెట్టుకుని శంకర్ నగర్‌లో ఓ చిన్న చైనీస్ హోటల్‌కు వెళ్లేది. కలకత్తా నుంచి వచ్చిన కాంటనీస్ దంపతులు నడిపేవారు. వెదురు బుట్టలో ఆవిరి మీద ఉడికిన డిమ్‌సమ్, పెద్ద గిన్నెలో నూడుల్స్ సూపు. ఇద్దరికీ కడుపు నిండేది, ఆమె పెన్షన్‌కు బరువయ్యేది కాదు. పల్చటి పిండిపొరలోంచి రొయ్య గులాబీరంగులో కనబడితే, “చూశావా, మన కాకినాడ ఇక్కడిదాకా వచ్చింది” అనేది. నూడుల్స్ జుర్రుమని లాగేది. పక్కబల్ల వాళ్లు తిరిగి చూస్తే ఇంకాస్త గట్టిగా.

కరోనా వార్తలు మొదలైన రోజులు. మా ఊళ్లో ఇంకా ఒక్క కేసూ లేదు, హోటల్ మాత్రం ఖాళీ అయిపోయింది. ఎవరో తలుపు మీద బొగ్గుతో, చైనాకు తిరిగి పొమ్మంటూ, ‘చైనా వాపస్ జావో’ అని రాశారు. చర్చి మెట్ల మీద పక్కింటావిడ అత్త చెయ్యి పట్టుకుంది.

“అక్కా, అక్కడికి మాత్రం వెళ్లకండి. వాళ్లు చైనావాళ్లు కదా.”

“ఆయన పుట్టింది కలకత్తా. నువ్వు పుట్టింది ఖరగ్‌పూర్. మీరిద్దరూ ఒకే రాష్ట్రం వాళ్లమ్మా. అంటురోగాల వార్డులో చేసినదాన్ని, ఏది అంటుకుంటుందో నాకు తెలుసు.”

తిన్నగా హోటల్‌కే వెళ్లాం. యజమాని ఎదురొచ్చి, “దీదీ, మీకు మాటొస్తుంది. పార్సెల్ కట్టిస్తాను, ఇంటికి తీసుకెళ్లండి” అన్నాడు.

“దొంగసొత్తా భయ్యా, దాచుకుని తినడానికి?”

తడిగుడ్డ అడిగి తీసుకుని తలుపు మీది రాతంతా తనే తుడిచింది. తర్వాత బల్లను రోడ్డువైపు అద్దం దాకా జరిపించింది. బయట జనం ఆగి చూస్తున్నారు. నేను గబగబా మింగుతుంటే, “నెమ్మదిగా తిను. చూడనీ” అంది.

పై ఆదివారం రిటైరైన నర్సులు ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది. లాక్‌డౌన్‌లో అన్నీ మూతపడ్డాయి. తెరిచాక ఆ హోటలూ తెరుచుకుంది.

మొన్న సమాధుల దగ్గర ఆ దంపతులు వెనకెక్కడో నిలబడ్డారు. “వీళ్లెవరు?” అన్నాడు ఒక బంధువు.

“మావాళ్లు” అన్నాను, అందరికీ వినబడేలా.

దారి ఇచ్చాను. ఆయన చెప్పులు విప్పి ముందుకొచ్చి, రెండు చేతులా మట్టి తీసి వేశాడు. ఎర్రమట్టి తెల్లచొక్కా చేతులకు అంటింది. దులుపుకోకుండా అలాగే నిలబడ్డాడు.