చుక్కలే పెట్టిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయిందన్న కబురు పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వచ్చే తొలి బస్సులో వచ్చింది. తెచ్చింది నాతో మూడో తరగతి చదివిన స్నేహితురాలు. నేను వెంటనే నమ్మలేదు. ఇంతకు ముందొకసారి ఎవరో ఇట్లాగే చెబితే ఏడ్చుకుంటూ పోయాను. టీచరమ్మ అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. "చెప్పినోళ్లను నమ్మకుండా వచ్చి చూసినావు, మంచి పని చేసినావు" అని నవ్వింది. ఆ సంగతి తెలిసే కాబోలు, ఈసారి నా స్నేహితురాలు మెల్లగా చెప్పింది: "చేయి పట్టుకుని చూసే వచ్చినా మే. చల్లగుండాది."

ముద్దనూరు మీదుగా పోతున్న బస్సులో కూర్చుని కూడా, అది ఇంకొకరి చేయేమో అని ఒక పిచ్చి అనుమానం. అనుమానించడం నాకు ఆమె దగ్గరే అలవాటయింది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. జమ్మలమడుగులో మా బడికి రెండు గదులు, ముందర పెద్ద వాకిలి. మిగతా అయివార్లు గదిలో పాఠం చెబితే ఆమె మమ్మల్ని వాకిట్లోకి తోలుకొచ్చేది. పెన్నేరు ఎట్ల వంపు తిరుగుతుందో రేగడి మట్టితో చేయించి, చెంబుతో నీళ్లు పోయించేది. లెక్కలకు మాత్రం ముగ్గు. మూత పోయిన పాలడబ్బాలో ముగ్గుపిండి తెచ్చుకుని, ఒక కన్ను మూసి వరుస సరిచూసుకుంటూ చుక్కలు పెట్టేది. గీతలు మావి. అడ్డం అయిదు, నిలువు అయిదు, మొత్తం ఎన్నని అడిగేది. ఒక్కోసారి కావాలనే తప్పు చెప్పేది. మేం తలలూపితే డబ్బా కింద పెట్టి, "నేను చెప్పినానని నమ్మాకండి, ఎంచి చూడండి" అనేది. సగమంటే ఏందో, పావంటే ఏందో ముగ్గును మధ్యకు గీత గీసి చూపించమనేది.

ఊరికి ఇది నచ్చలేదు. ఆమె క్రైస్తవుల ఇంటి బిడ్డ. వాళ్ల ఇళ్ల ముందర ముగ్గు ఉండదు. అట్లాంటామెకు మా ఆడపిల్లల చేత ముగ్గులు వేయించే పనేంది అని అంగళ్ల దగ్గర మాట పుట్టింది. ఆ మాట మా నాయన తల్లి, మా జేజి చెవిన పడింది.

"బడికి పంపిస్తాండేది ముగ్గులు నేర్చేదానికా? అది నేను నేర్పీలేనా?" అంది జేజి. బడిలో వేసింది ఇంటి వాకిట్లో వేసి చూపించమంది. వేశాను. వంగి చూసింది. నడిమి చుక్క దగ్గర నిలువు గీతా అడ్డగీతా కలిసిన చోట ఆమె వేలు ఆగింది.

"ఇదేందే, సిలువ మాదిరి ఉండాది?"

"జేజీ, నువ్వు రోజూ ఏసేదాంట్లోనూ ఉండాది గదా."

జేజి లేచి, పొద్దున తాను వేసిన ముగ్గు చుట్టూ తిరిగింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి వేస్తున్న ముగ్గు అది. మరుసటి రోజు నుంచి ఆ ముగ్గు మానేసి తామరపువ్వు వేయడం మొదలుపెట్టింది. నాయనతో మాత్రం, తాను పోయి చూసి వచ్చేదాకా పిల్లను బడికి పంపొద్దని చెప్పింది. నేను పలకను దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. మా వీధిలో అట్లా ఇంట్లో నిలిచిపోయిన ఆడపిల్లలు మళ్లీ బడి మొహం చూడలేదు.

జేజి నన్ను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. టీచరమ్మ "రా పెద్దమ్మా" అంటే ముగ్గుపిండి డబ్బా వైపు చేయి చూపింది.

"నువ్వొకటెయ్యి, చూస్తా" అంది.

టీచరమ్మ మొహంలో రక్తం లేదు. అది భయమని నాకప్పుడు తెలియలేదు. డబ్బా తీసుకుని, కన్ను మూసి, చుక్కలు పెట్టింది. చివరి చుక్క పెట్టి డబ్బా జేజి ముందుకు చాపింది.

"చుక్కలు నాయి. గీత నువ్వెయ్యి పెద్దమ్మా. నీకు ఇష్టమొచ్చినట్ల."

జేజి నిలబడే ఉంది. అయినా ఖాళీ చుక్కలను చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. కొంగు దోపుకుని వంగింది. ఆమె గీత తిప్పుతుంటే టీచరమ్మ మమ్మల్ని ఎంచమంది, మేం అరిచాం. ముగ్గు పూర్తయ్యాక జేజి దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసుకుంది.

"ముగ్గులో ఏం లేదు" అంది. దారిలో నాతో, "ఆమెలో ఏందో ఉండాది. నువ్వు పో, గానీ రోజూ ఏం చెప్పిందో నాకు చెప్పాల" అంది.

నేను బడి మానలేదు. ప్రతి సాయంత్రం మా వాకిట్లో జేజికి ఆ రోజు పాఠమంతా అప్పజెప్పాను. ఆమె ప్రతి దాన్నీ తప్పు పట్టాలని చూసింది. నాకు లెక్కలు టీచరమ్మ ముగ్గు వల్ల వచ్చాయా, జేజి అనుమానం వల్ల వచ్చాయా అన్నది ఈ రోజుకీ తేల్చుకోలేను.

రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత టీచరమ్మను పులివెందులకు మార్చారు. ఎవరో అర్జీ పెట్టారన్నారు, నిజమో కాదో. నేను యూనివర్సిటీ చదువు ముగించి, అయివార్లకు పాఠం ఎట్ల చెప్పాలో నేర్పే ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆమెను అడిగాను. ఆటా పాటా బొమ్మా పాఠంలో కలపాలని మేం కొత్త సంగతిలాగా చెప్పుకుంటున్న రోజులు. పిల్లల చేతికే పని వదలాలని ఎంత ముందుగా ఆలోచించారు అన్నాను.

ఆమె నవ్వలేదు. ముగ్గు వేస్తే చర్చి సంఘం నుంచి వెలేస్తామని వాళ్ల పెద్దలు అన్నారట. చుక్కలు పెడితే ముగ్గేసినట్లు కాదు గదా అని తనకు తాను చెప్పుకుందట.

"అట్లయితే అది పద్ధతి కాదా? భయమేనా?"

"నాకూ తెలీదు పాపా. గీత నువ్వే గదా గీసింది."

ఆ మాట నేను నా తరగతుల్లో ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఎవరైనా దాన్ని సూత్రంగా రాసుకుంటారని భయం.

పులివెందులలో బస్సు దిగి ఆ వీధిలోకి తిరిగేసరికి లోపల ప్రార్థన జరుగుతోంది. ఎప్పుడూ ముగ్గు లేని ఇల్లు. అందులోనూ చావు జరిగిన వాకిట్లో ఎవరూ ముగ్గు వేయరు. కానీ గుమ్మం నుంచి వీధి దాకా తెల్లటి చుక్కలు, వరుస తప్పకుండా. గీత లేదు. ఎవరు పెట్టారని అడిగాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి వేళ్ల వైపూ చూశాను. కొంగుల్లో దాచుకున్నారు.

అలవాటు కొద్దీ నిలబడి ఎంచాను. లెక్క సరిగ్గానే ఉంది.

పెట్టెను బయటికి తెచ్చారు. మోస్తున్న మగవాళ్లు తలలు వంచి, బరువుకు తూలుతూనే, ఒక్క చుక్క కూడా చెరగకుండా సందులు వెతుక్కుంటూ అడుగులు వేశారు.