ఇద్దరిదీ ఉంచాను

ఎవరికైనా తెల్లచీర కనిపించిందంటే ముందు కళ్ళజోడు మార్పించుకోమని చెప్పే రకం నేను. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఏడిపించి వదిలిపెడతాను. అలాంటిదాన్ని ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మాది భిలాయి. నాన్న విజయనగరం నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. నేను ఇక్కడే పవర్ హౌస్ అనే పేటలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేస్తాను. ఫ్యాక్టరీల్లో గ్యాస్ లీకైతే అలారం మోగించే ప్రోగ్రాం మాది. మా తమ్ముడు కిరణ్ పనిచేసే షెడ్డులో ఉన్నదీ అదే.

ఆఫీసులో తెలుగువాళ్ళం ఇద్దరమే, నేనూ రూతు దీదీ. మేమంతా తలోచోట రాసిన మార్పుల్ని ఒకటిగా కలపడం ఆమె పని. దాన్ని మెర్జ్ అంటాం. ఇద్దరు ఒకే చోట చెయ్యి పెడితే కంప్యూటర్ ఆగిపోతుంది, ఏది ఉంచాలో మనిషే తేల్చాలి. దీదీ తేల్చి, కింద తెలుగులో ఒక ముక్క రాసేది. అదేమిటని మాతో కోడ్ రాసే దినేష్ భయ్యా అడిగితే, నీ మీద ఫిర్యాదు అని నవ్వేది.

పోయిన చలికాలంలో ఆమె కేన్సరుతో పోయింది. చివరి రోజుల్లో ఆస్పత్రికి వెళ్తే నా చెయ్యి వదల్లేదు.

"ఏటో తప్పు సేసీసేను పిల్లా. ఏటన్నది గుర్తు రాట్లేదు" అంది.

"ఏటీ లేదు, పడుకో దీదీ" అన్నాను. మందుల మత్తనుకున్నాను. ఆమె ఆ బెంగతోనే పోయింది.

మొన్న వానాకాలంలో, పాత కోడ్‌లో ఎవరో పాస్‌వర్డ్ వదిలేశారని బయటపడింది. అది తీసెయ్యాలంటే అక్కణ్ణుంచి మార్పుల చరిత్రంతా తిరగరాయాలి. మామూలుగా తిరగరాస్తే మెర్జ్‌లు ఎగిరిపోయి అంతా ఒకే వరసగా తయారవుతుంది. మెర్జ్‌లు ఉంచే పద్ధతీ ఉంది గానీ, అందులోనూ చేత్తో తేల్చినవి నిలవవు. తగువు వచ్చిన ప్రతిచోటా ఆగి, మళ్ళీ మనమే తేల్చాలి. నేను ఆ పద్ధతే పట్టుకున్నాను. ఆగిన చోటల్లా దీదీ పాత నిర్ణయం చూసి అదే చేస్తూ పోయాను.

ఒకచోట దినేష్ భయ్యా మార్పూ, నాదీ తగువు పడ్డాయి. దీదీ పాత మెర్జ్ కింద "దినేష్‌ది ఉంచాను" అని ఉంది. సరే, అదే ఉంచుదాం అనుకున్నాను. ఆకలి మీద కోడ్ చదవనైనా లేదు. స్క్రీన్‌కి తాళం పెట్టి, అందరితో పాటు భోజనానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి మెర్జ్ అయిపోయి ఉంది. రెండు మార్పులూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. చేసినవారి పేరు దగ్గర నాది ఉండాలి, దీదీది ఉంది. తేదీ ఆ రోజుదే. కింద తెలుగులో, "ఇద్దరిదీ ఉంచాను."

అప్పుడు కోడ్ చదివాను. గ్యాస్ హద్దు దాటితే అలారం మోగాలన్నది దినేష్ భయ్యా మార్పు. సెన్సారే పాడై మూగబోయినా మోగాలన్నది నాది. జబ్బు ముదిరిన రోజుల్లో దీదీ చేసిన మెర్జ్‌లో నాది పడిపోయింది. అన్నాళ్ళూ ఎవరికీ తెలియలేదు.

ఆ కంప్యూటర్ ఆమె పోయాక కొన్నది. దాంట్లో ఆమె పేరు ఎవరూ పెట్టలేదు. పాత నిర్ణయాల్ని గుర్తుంచుకునే సదుపాయం ఒకటుంటుంది, కానీ అది వేసి లేదు. వేసి ఉన్నా పాత తప్పే తెచ్చేది. మిగతావాళ్ళకి తెలుగు అక్షరం రాదు. నువ్వే చేసి మరిచిపోయుంటావని తేల్చేశాడు దినేష్ భయ్యా.

ఆ కోడే కిరణ్ వాళ్ళ షెడ్డుకి వెళ్ళింది. కొన్నాళ్ళకి అక్కడ సెన్సార్ తీగ కాలిపోయి అలారం మోగింది. అందరూ బయటికొచ్చాక మీటరు పెట్టి చూస్తే లోపల గ్యాస్ నిండి ఉంది.

"అలారం ఖరాబ్ అయిందనుకున్నాం అక్కా. నేనైతే లేవకూడదనుకున్నాను" అన్నాడు వాడు. వాడి తల పట్టుకుని ఏడ్చాను.

ఈమధ్యే దీదీ ఏడాది జ్ఞాపకార్థ కూటం వాళ్ళ క్వార్టర్‌లో జరిగింది. ఆమె శ్రమలన్నీ తీరి విశ్రాంతిలో ఉందన్నారు పాస్టర్ గారు. అందరూ ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్న వాళ్ళమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటూ అంది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తమ్ముడు బతికినందుకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఆ ఆమెన్ మాత్రం నా నోట రాలేదు.