అడగడానికో చోటు

ఆ ఏడాది మా బడి కార్తీక వనభోజనాలకు చోటు వెతికే పని నా మీద పడింది. తొంభై ఎనిమిదిలో సంగతి. అమలాపురంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను లెక్కల మాస్టారుని. "మీకు ఉపవాసాలూ సోమవారాలూ లేవు కదండీ, ఆదివారం ప్రార్థన అయ్యేక ఖాళీయే," అని నవ్వుతూ అంటగట్టారు హెడ్మాస్టారు. ఆయన పెట్టిన షరతు ఒకటే, ఉసిరిచెట్టు ఉండాలని. ఆయనకు చెప్పని షరతు నాకింకొకటి ఉంది. పాతికమంది భోజనాలు చేసి కబుర్లలో పడ్డాక, ఇద్దరు మనుషులు పక్కకు నడిచివెళ్లి ఎవరి చెవినా పడకుండా ఒక మాట మాట్లాడుకునే వీలుండాలి.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో మనిషి మా తెలుగు టీచరు. కొత్తపేట వాళ్లమ్మాయి. నాన్నగారు పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యారు. వారమంతా అమలాపురంలో పిన్నిగారింట్లో ఉండి బడికి వచ్చేది. రెండేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని పేపర్లు దిద్దాం. సాయంత్రాలు బస్టాండు దాకా కలిసి నడిచేవాళ్లం. ఆమె నన్ను మాస్టారూ అనేది, నేను టీచరుగారూ అనేవాణ్ణి. అంతకు మించి ఎవరం ఏమీ అనలేదు.

ఒకరోజు స్టాఫ్ రూములో ఆమె తన పెళ్లిచూపుల గురించి చెప్పింది. ఏడుసార్లు జరిగాయట. ఏడుసార్లూ అదే ముందుగది, అదే చాప, అదే చీర. ఒకాయన నడవమన్నాడట, ఒకాయన పుస్తకం తెచ్చి చదవమన్నాడట. అందరినీ నవ్విస్తూనే చెప్పింది గానీ, చెబుతున్నంతసేపూ వేరుశనక్కాయలు ఒలిచి బల్ల మీద పెట్టిందే తప్ప ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. అది చూశాక నా మనసు మనసులో లేదు. ఈ అమ్మాయిని గదిలో కూర్చోబెట్టి అడగకూడదనుకున్నాను. ఆకాశం కింద, గాలి తగిలే చోట, నీళ్ల పక్కన అడగాలి. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణి. అది చాలా పెద్ద ఆలోచన అనిపించింది నాకు.

మొదటి ఆదివారం మోపెడ్ వేసుకుని ఆలమూరు దగ్గర గోదావరి లంకకు వెళ్లాను. పడవ దాటితే జామతోట, తోట చివర ఉసిరిచెట్టు, అవతల ఎవరూ తొక్కని ఇసక. ఇదే అనుకున్నాను. తిరిగి వస్తుంటే పడవాయన నేనెవరి తాలూకో అడిగాడు. చెప్పాను. అమలాపురం బడి అనగానే ఆయన ముఖం వికసించింది. కొత్తపేట పోస్టుమాస్టారి అమ్మాయిగారు అక్కడే చేస్తున్నారు కదా, వాళ్ల మేనమామగారి తోటే ఇది అన్నాడు. ఒడ్డు చేరగానే ఆ చోటును లెక్కలోంచి కొట్టేశాను.

రెండో ఆదివారం మలికిపురం వైపు ఒక కొబ్బరితోట చూడబోయాను. తుఫాను వచ్చి రెండేళ్లయినా ఆ తోటలో సగం చెట్లు తలలు లేకుండా స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. తోట రైతు నన్ను వెంటబెట్టుకుని ఒక్కొక్క మొండి చెట్టునూ చేత్తో తట్టి, ఏ సంవత్సరంలో పెట్టిందో చెప్పాడు. వనభోజనాలకు సంతోషంగా రమ్మన్నాడు, మనుషులు తిరిగితే తోటకు మంచిదన్నాడు. మిగిలిన చెట్లలో ఒకదాని బొండాం కొట్టి ఇచ్చాడు. తాగుతున్నానే గానీ, ఆయన ముందు నిలబడి నేను వెతుకుతున్నదేమిటో తలుచుకుంటే సిగ్గేసింది.

మూడో ఆదివారం అంతర్వేది వెళ్లాను. గోదావరి సముద్రంలో కలిసే చోట, నీళ్లలోకి నాలికలా చాచుకున్న ఇసక మేట ఒకటి కనిపించింది. ఇటు నది, అటు సముద్రం, మధ్యలో తడి ఇసక మీద నేను. రెండు నీళ్ల రంగులూ వేరువేరుగా తెలుస్తున్నాయి. అక్కడే నిలబడి, ఆమెతో అనబోయే మాటల్ని పైకే అనుకుని చూశాను. రెండుసార్లు బాగా వచ్చింది. మూడోసారి అంటుండగా వెనక నుంచి ఎవరితో మాట్లాడుతున్నారని ఒక గొంతు వినిపించింది. బుట్టతో పీతలు ఏరుకుంటున్నావిడ. రేపటి పాఠం అప్పజెప్పుకుంటున్నానన్నాను. ఆవిడ నమ్మలేదనుకుంటాను. ఇది పొద్దుటి పూట చోటనీ, మాపటికి బాగోదనీ చెప్పి వెళ్లిపోయింది. సాయంత్రం ఎండ ఎదురుగా కొడుతుందని కాబోలు అనుకున్నాను.

అంతర్వేది అనగానే హెడ్మాస్టారు ఒప్పేసుకున్నారు. స్వామి దర్శనం కూడా అయిపోతుంది. సముద్రపు ఒడ్డున ఉసిరిచెట్టు లేకపోతేనేం, కొమ్మ ఒకటి కొట్టి తీసుకెళ్లి పాతుకుందామన్నారు.

వచ్చిన ఆదివారం పొద్దున్నే వ్యానులో బయలుదేరాం. గోదావరి మీద గన్నవరం అక్విడెక్టు వంతెన దాటుతుండగా అందరూ కిటికీల్లోంచి నీళ్లు చూస్తుంటే నేను వాచీ చూసుకుంటున్నాను. వాళ్లు గుడికి వెళ్లొచ్చేదాకా సరుగుడు తోటలో నేను పొయ్యి రాజేసి, గిన్నెలు దించాను. పులిహోర, పనసపొట్టు కూర, ముక్కల పులుసు, పెరుగు. నేనేం తిన్నానో నాకు తెలియదు. భోజనాలయ్యాక పాటల పోటీ పెట్టుకున్నారు. ఇంకో పాట, ఇంకో పాట అంటూ నాలుగు దాటిపోయింది. చివరికి లేచి, నది కలిసే చోటు చూస్తారా అని ఆమెను అడిగాను. సోషల్ మాస్టారు తానూ వస్తానంటూ లేవబోయారు. మధ్యలో లేస్తే మీ జట్టు ఓడిపోతుందని ఆమే ఆయన్ని కూర్చోబెట్టింది.

వెళ్లి చూస్తే ఇసక మేట లేదు. నేను నిలబడిన చోట నడుము లోతు నీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని ఆమె నా పక్కన నిలబడింది.

"ఏం వెతుకుతున్నారు మాస్టారూ?"

"ఇక్కడ ఇసక ఉండాలండి. పోయిన వారం ఇక్కడే నిలబడ్డాను."

"సముద్రం ఇప్పుడు పోటు మీదుంది కదండీ," అంది.

పొద్దుటి పూట చోటన్న మాట అప్పటికి బుర్రకెక్కింది. ఇంకొంచెం ముందుకు వెళ్తే బాగుంటుందేమోనన్నాను. వెళ్లాం. అక్కడ వలలు ఆరేసి ఉన్నాయి, చేపల వాసన. ఇంకాస్త ముందుకన్నాను. అక్కడ పేకాడుతున్నారు. మూడోసారి నేను కదలబోతే ఆమె ఆగిపోయింది.

"మీరు నాకు చోటు చూపించడానికి తీసుకొచ్చేరా, మాట చెప్పడానికి తీసుకొచ్చేరా?"

అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. ఏడుసార్లు గదిలో కూర్చోబెట్టారన్నారు కదా, అందుకని ఇలా బయట అడగాలనుకున్నానని, మూడు వారాలుగా తిరుగుతున్నానని, తడబడుతూ అదంతా చెప్పేశాను. అసలు మాట అడగకుండానే. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"నేను చెప్పింది గది గురించి కాదండి. ఆ ఏడుగురూ మా నాన్నగార్ని అడిగేరు. నన్నెవరూ అడగలేదు." చెప్పులు రెండో చేతిలోకి మార్చుకుని, "మీ ఇంట్లో చెప్పేరా?" అంది.

లేదన్నాను.

"ముందు మీ ఇంట్లో చెప్పండి. మా నాన్నగారితోనూ మాట్లాడండి. పర్మిషన్ కోసం కాదు. వాళ్లేమంటారో చెవులారా విని అప్పుడు నన్నడగండి. ఏదీ చూడకుండా అడిగేసి, నేను సరేనన్నాక మీరు భయపడితే నేనేమైపోవాలి?"

వ్యానులో తిరిగి వస్తుంటే ముందు సీట్లో ఆమె తల కనిపిస్తూనే ఉంది. కోపం వచ్చింది, వెంటనే కోపం నా మీదికే తిరిగింది. ఆలమూరు నుంచి అంతర్వేది దాకా తిరిగినవాణ్ణి రాజోలులో మా ఇంటికి మాత్రం ఆ మాట మోసుకెళ్లలేదు. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి కూలి పనికి వెళ్లిన మనిషి. చర్చి బడిలో అక్షరాలు వచ్చాకే మా ఇంట్లోకి కుర్చీ వచ్చిందని మా అమ్మ అంటూ ఉంటుంది.

చెప్పాను. అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత అమ్మాయి ఎలా ఉంటుందని అడిగింది. నాన్నతో, కొత్తపేట వెళ్లి మాట్లాడదాం, మీరు కూడా రండి అన్నాను.

"నువ్వెళ్లు. నేను రాను," అన్నారు.

ఎంత అడిగినా అదే మాట. ఎందుకో వంటింట్లో అమ్మ చెప్పింది. చిన్నప్పుడు ఆయన తన తండ్రితో కలిసి, రావలసిన కూలి అడగడానికి ఒక పెద్దకులం వారి అరుగుల ఇంటి ముందు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డారట. కింద నిలబడే మాట్లాడి, కింది నుంచే తిరిగొచ్చారట. మళ్లీ ఏ అరుగు ముందుకీ అడగడానికి వెళ్లనని అప్పుడే అనుకున్నారట. అది విన్నాక కూడా నాకు ఆయన మీద కోపం పోలేదు. అప్పటి నా వయసుకు నా పెళ్లే పెద్దది.

ఒక్కణ్ణే వెళ్లాను. ఆమె నాన్నగారు నన్ను అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టారు, మంచినీళ్లు ఇప్పించారు. చివరిదాకా ఒక్క మాట తూలలేదు. మీరు మంచివారే, చదువుకున్నవారే, మా అమ్మాయి కూడా మీ గురించి గౌరవంగానే చెప్తుందన్నారు. ఆ మర్యాదలో వేలు పెట్టే సందు లేదు. చివర్లో అడిగారు.

"మీ నాన్నగారు రాలేదేమండి?"

"ఒంట్లో బాగోలేదండి," అన్నాను.

అలా ఎందుకన్నానో అప్పుడు ఆలోచించలేదు. ఆయన తలూపి, ఇది మా ఇళ్లలో కుదిరే సంగతి కాదు, ఏమీ అనుకోవద్దని నాకు నమస్కారం పెట్టారు.

ఆ మర్నాడు ఆమె బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తొమ్మిది రోజులు. ప్రతి పీరియడు మధ్యలో గేటు దాకా వెళ్లి వచ్చేవాణ్ణి. బోర్డు మీద మొదలుపెట్టిన లెక్క మధ్యలో వదిలేసి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. ఎనిమిదో పెళ్లిచూపులు అయిపోయి ఉంటాయని ఒక పూట, ఆమె రాజీనామా పోస్టులో వస్తుందని ఒక పూట అనుకునేవాణ్ణి.

పదో రోజు వచ్చింది. ఇంటర్వెల్లో నన్ను బడి వెనక కాలవ గట్టు మీదికి పిలిచింది. అక్కడ చాకలివాళ్లు బట్టలు ఆరేస్తున్నారు, రెండు గేదెలు నీళ్లలో పడుకున్నాయి. ఇంట్లో ఏమన్నారో ఏమీ చెప్పలేదు. కళ్ల కింద నల్లగా ఉంది.

"వెళ్లొచ్చేరుగా. ఇప్పుడడగండి."

"నన్ను చేసుకోవడం మీకు ఇష్టమేనా అండి?"

"ఆయ్," అంది తలూపుతూ.

ఆర్నెల్ల తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. మా అమ్మానాన్నా వచ్చారు. వాళ్లమ్మగారు ఒక్కరే వచ్చి, కూతురికి పూలు పెట్టి, సంతకాలు కాకముందే బస్సుకు వెళ్లిపోయారు. ఆమె నాన్నగారు ఉత్తరం కూడా రాయలేదు.

మూడేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం ఆయన చెప్పాపెట్టకుండా రాజోలు వచ్చారు. సెలవులని మేం అక్కడే ఉన్నాం. కూతుర్ని ఒకసారి చూసి, మా నాన్న వైపు తిరిగి, అప్పట్లో ఒంట్లో బాగోలేదన్నారు, ఇప్పుడెలా ఉందండి అని అడిగారు. నాన్న నా వైపు ఒక్క క్షణం చూసి, ఇప్పుడు ఫర్వాలేదండి అన్నారు. సాయంత్రం దాకా ఇద్దరూ పెన్షన్ల గురించీ కొబ్బరి ధరల గురించీ మాట్లాడుకున్నారు.

ఆయన వెళ్లాక నాన్న నన్ను పిలిచారు.

"నిజం చెప్పుండాల్సిందిరా. రానన్నానని చెప్పుండాల్సింది. ఆ మాట ఆయన వినాలనే నేను రాలేదు."

ఆ తర్వాత నాకు కాలు నిలవలేదు. ఆ రోజు అరుగు మీద తలదించుకున్నది నేనని, దాన్ని కప్పుకోవడానికి ఆయన చేత అబద్ధం మోయించానని తెలిసింది. రెండుసార్లు కొత్తపేట బస్సెక్కి మధ్యలో దిగిపోయాను. మూడోసారి వెళ్లి, మావగారి అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను. నాన్నకు జబ్బేమీ లేదని, ఎందుకు రాలేదో, చిన్నప్పుడు ఎక్కడ నిలబడ్డారో.

ఆయన చూపు అరుగు కింద వీధిలోకి వెళ్లింది. తర్వాత, మీ నాన్నగారు నిలబడింది ఏ ఊళ్లో అని అడిగారు. నాకు తెలియదు, నాన్నని అడిగి చెప్తానన్నాను.

"వద్దండి," అన్నారు, లేచి చెప్పులేసుకుంటూ. "నేనే వెళ్లి అడుగుతాను."