నాయుడుగారి కారు మెగ్నీషియం చక్రాలు

మా చిన్నప్పుడు... మద్రాసు తొండియార్‌పేటలో మా ఇంటి వసారా నిండా కారు చక్రాలే. నాయన మునిరత్నం పాత కార్లకి పెయింటు పని చేసేవాడు. నేను ఐదో తరగతి. బడి నుంచి రాగానే సంచి చిలక్కొయ్యకి తగిలించి ఆయన పక్కన చేరేదాన్ని.

ఒకరోజు టి. నగర్ నుంచి రంగస్వామి నాయుడుగారు ఆటోలో నాలుగు చక్రాలు తెచ్చారు. మెగ్నీషియంవి. అంత పెద్ద చక్రాన్ని నేనొక్కదాన్నే ఎత్తేశాను... అంత తేలిక! కానీ మద్రాసు ఉప్పుగాలికి పెయింటు ఉబ్బిపోయి, కిందంతా తెల్లటి పొడి.

"మా ఆవిడకి ఒంట్లో బాగలేదు మునిరత్నం. పెళ్లయిన కొత్తలో ఈ కార్లోనే నెల్లూరు పోయొచ్చాం. ఇంకొక్కసారి పోదామంటోంది" అన్నారు.

"ఇరవై రోజుల్లో ఇస్తాను సార్" అన్నాడు నాయన.

మందు పూసి పాత పెయింటు ఊడదీశాడు. లోహం గీరుకుపోతుందని ఇనుప బ్రష్షు తాకనివ్వలేదు. మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాడు. తరవాత కిరసనాయిలు పూసి, కాసేపాగి, శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగులుంటే అందులోకి దిగిన కిరసనాయిలు పైకొచ్చి సుద్దని తడుపుతుంది.

రెండు చక్రాల మీద సన్నటి తడి గీతలు తేలాయి... నాయన సుద్ద తుడిచి మళ్లీ చల్లాడు. మళ్లీ అవే గీతలు. ఆ పూట ఆయన అన్నం తినలేదు.

మర్నాడు నాయుడుగారు వచ్చారు.

"వీటి మీద బండి తోలకూడదు సార్. దోవలో విరిగితే ప్రాణాలు పోతాయి."

"వెల్డింగు పెట్టించలేమా?"

"ఈడ ఎవురు పెట్టినా నేను నమ్మను సార్."

"మెల్లగా పోతానయ్యా... ముప్పై దాటను."

"పక్కన అమ్మగారు కూర్చుంటారు కదా సార్..."

నాయుడుగారు చక్రాలు మా వసారాలోనే వదిలి వెళ్లిపోయారు.

మామూలు చక్రాలు ఆ బండికి ఎక్కవు. నడుమ ఒకే పెద్ద నట్టుతో బిగించే రకం. నాయన తిరువొత్తియూరు దాకా పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాడు. నాయుడుగారు సీమకి, ఇంగ్లండులో ఆ చక్రాలు చేసిన కంపెనీకి, ఉత్తరాలు రాశారు. జవాబు లేదు. ఇంకో కార్లో తీసుకుపోతానంటే అమ్మగారు వద్దన్నారట.

రెండు నెలలయింది. వానలు మొదలైన వారంలో ఆమె పోయారు...

కర్మ అయ్యాక నాయుడుగారు మా ఇంటికొచ్చారు. "రంగు వేసి బిగించెయ్ మునిరత్నం. బండి ఇటుకల మీదుంటే చూడలేకపోతున్నా."

నాయన వారం పని చేశాడు. తుప్పు రాకుండా పసుపుపచ్చ ప్రైమరు, దాని మీద వెండి రంగు, పైన మెరిసే లాకరు పూత. అంత మెరుపు నేను మళ్లీ చూడలేదు. ఆయనే పోయి బిగించి, ఎవరూ తోలకుండా బ్యాటరీ తీసి నాయుడుగారి చేతికిచ్చి వచ్చాడు.

"ముప్పైలో పోనిచ్చుంటే పోయొచ్చేవాళ్లేమో..." అన్నాడు అమ్మతో.

"విరిగుంటే?" అంది అమ్మ.

నాయన తల వంచుకుని చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు. ఆ తరవాత అలాంటి చక్రాలు ఎవరు తెచ్చినా ముట్టుకోలేదు.

ఇప్పుడు ఫోన్లో అడిగితే చాలు... అచ్చం అలాంటి చక్రాలే కొత్తగా చేసి ఇంటికి పంపేస్తున్నారు. నాయన లేడు. ఆయన చేసింది సరైన పనేనని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ తెలివిడి ఉన్నా ఆయనకి ఒక్కరోజు కూడా సరిగ్గా నిద్ర పట్టలేదు.

నిజం చెప్పి, ఆ నిజాన్ని బతికినన్నాళ్లూ మోసిన మనుషులు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు... రాయండి, చదువుకుంటాను.