గొంతు పోయిన ఏడు ఆగమన కాలం

వీధి చివరి చర్చిలో పాటల బృందాన్ని నడిపేది వడ్రంగే. పగలంతా కొట్లో చిత్రిక పట్టి, సాయంత్రం రంపపు పొట్టు దులుపుకుని సాధనకు వచ్చేవాడు. చలి మొదలై ఆగమన కాలం వచ్చిందంటే ఆయన కాళ్లు నేల మీద నిలిచేవి కావు. అది క్రిస్మస్‌కు ముందు క్రీస్తు రాక కోసం ఎదురుచూసే కాలమనీ, పండుగ పాటలు అప్పుడే వద్దనీ పాస్టరు గారు మొత్తుకున్నా, మొదటి ఆదివారమే క్రిస్మస్ పాట ఎత్తుకునేవాడు.

"వచ్చేవాడు ఎలాగూ వస్తాడు కదండీ, ముందే పాడితే తప్పేంటి?" అనేవాడు.

ఒక ఏడు చలికాలానికి ముందు ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గానీ గొంతు దక్కలేదు. ఇక అన్నీ సైగలే. కొట్టు మూతబడింది. ఎవరేమడిగినా జవాబు చెప్పమని భార్య వైపు చూసేవాడు. చర్చికి రమ్మని భార్య పిలిస్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బృందానికి దిక్కు లేకపోయింది. చివరికి భార్యే అందరినీ తమ ఇంటి ముందు గదిలో కూర్చోబెట్టి సాధన మొదలుపెట్టింది. ఆవిడ పాటంటే ఆయనకు ఎప్పుడూ ఎగతాళే. లోపల పడుకుని విన్నాడు. నెమ్మదిగా సాగాల్సిన ఎదురుచూపుల పాటను బండి తప్పిపోతున్నట్టు పరుగెత్తిస్తున్నారు. కాసేపు ఓర్చుకున్నాడు. ఇక ఉండబట్టలేక దుప్పటి తోసేసి వచ్చి, బల్ల మీద అరచేత్తో తాళం వేశాడు. దెబ్బకూ దెబ్బకూ మధ్య బోలెడంత ఖాళీ వదిలాడు.

అందరూ ఆగిపోయి ఆయన వంక చూశారు.

"చూస్తారేంటి, పాడండి. ఆయన వేస్తున్నాడుగా" అంది భార్య.

పాడారు. ఇన్నేళ్లూ తన గొంతు హోరులో ఆయనకు పక్కవాళ్లు వినబడనేలేదు. దర్జీ ఆవిడ గొంతులోని జీర, ముసలి పోస్ట్‌మాన్ మంద్రంగా గొంతు కలపడం, తన భార్య ఊపిరి పట్టి స్వరం అందుకోవడం, అన్నీ ఇప్పుడే విన్నాడు. ఆ ఏడు ఆదివారం వెంట ఆదివారం, ఎదురుచూపుల పాటలే పాడించాడు.

క్రిస్మస్ ఉదయం చర్చిలో పండుగ పాట అందుకోగానే ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. కళ్లు నిండాయి. భార్య పాట ఆపకుండానే ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని తాళం కొనసాగించింది.

చర్చిలో అలంకరణలు తీసేసిన మర్నాడు ఆయన కొట్టు తలుపు తీశాడు. విరిగిన కుర్చీ తెచ్చినావిడ, "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగింది. జవాబు కోసం లోపలున్న భార్య వైపు చూడకుండా, రెండు రోజులాగి రమ్మన్నట్టు తనే రెండు వేళ్లు చూపించాడు.