పుష్పక్కకు పడిన ఒకట్లు

పుష్పావతి ఫోనులో ఎవరినీ సార్ అనదు. మగవాళ్ళయితే అన్నా, ఆడవాళ్ళయితే అక్కా, గొంతు వణికితే అవ్వా. కంపెనీ ఇచ్చిన కాగితంలో మాత్రం "గౌరవనీయ వినియోగదారుడా" అని ఉంటుంది. ఆ ముక్కను నేను రోజుకు డెబ్బై సార్లు అప్పజెప్పేవాణ్ణి. అందుకే నాకంటే మంచి ఉద్యోగి ఆ మేడ మీద లేడని నా నమ్మకం.

మాది పెనుకొండలో, మెడికల్ షాపు పైన పన్నెండు కుర్చీల కాల్ సెంటర్. ఇంట్లో కూర్చుని సెల్‌ఫోనుతో బోరు మోటారు ఆన్ చేసే పెట్టెలను బెంగళూరు కంపెనీ ఒకటి అమ్ముతుంది. అవి మొరాయిస్తే రైతులు మాకు ఫోన్ చేస్తారు. పుష్పావతిది మడకశిర, కాపురం హిందూపురం. ఎనిమిదేళ్ళు గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టి, నడుము పట్టేశాక, ముప్పై ఆరో ఏట చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుంది.

"ఆడ పొద్దంతా మిషన్ల మోతే శివప్రసాదూ. ఈడ మనిషి అరిచినా వినబుద్ధి అవుతాది" అంది నాతో మొదటి రోజే.

ఆమె కాల్స్ వింటే నాకు ఒళ్ళు మండేది. తలుపుల అనే ఊరి నుంచి యల్లక్క అనే టమోటా రైతు మోటారు పలకడం లేదని ఫోన్ చేసిందనుకోండి. నేనైతే "మీ పరికరంలోని సిమ్ స్థితిని సరిచూసుకోగలరు" అని నాలుగు నిమిషాల్లో తేల్చేస్తాను. పుష్పావతి అలా కాదు.

"సిమ్ముకు రీచార్జ్ చేయించినావా అక్కా?"

"సిమ్ము నా ఫోన్లో కదమ్మా ఉండేది?"

"ఆ పెట్టె కడుపులో ఇంకోటి ఉండాదక్కా. దానికీ తిండి పెట్టల్ల."

ఆ తర్వాత టమోటా ధర, యల్లక్క మోకాలి నొప్పి, కోడలి కాన్పు. ఇరవై నిమిషాలు. మోటారు తిరిగిన చప్పుడు ఫోన్లో వినపడితే గానీ పెట్టేది కాదు.

కాల్ అయిపోగానే ఒక రికార్డు గొంతు వస్తుంది. "మా సేవ ఎలా ఉందో ఒకటి నుంచి ఐదు లోపు అంకె నొక్కి తెలపండి" అంటుంది. అంతకు మించి ఒక్క మాట చెప్పదు. రోజూ పొద్దున మేమంతా ఆ అంకెలు చూపించే టీవీ కింద గుండ్రంగా నిలబడి, ఎక్కువ ఐదులు వచ్చినవాళ్ళకు చప్పట్లు కొట్టాలి. ఆ చప్పట్లు దాదాపు రోజూ నాకే. మనమంతా ఒక కుటుంబం అంటాడు మా మేనేజరు జయప్రకాష్ సార్. మూడు నెలలు వరుసగా సగటు రెండుకు తగ్గినవాళ్ళను ఆ కుటుంబంలోంచి పంపించేస్తారు.

పుష్పావతికి అప్పటికి రెండు నెలలుగా సగటు ఒకటిన్నర దాటలేదు. ఉద్యోగం పోతే మళ్ళీ గార్మెంట్సే, ఆ నడుముతోనే. కూతురు ఐశ్వర్య ఇంటర్‌లో ఉంది. నేను పెద్దమనిషి తరహాలో సలహా ఇచ్చాను, కాగితం చూసి చదువక్కా అని. ఒక రోజంతా చదివింది. "రేడియోనా తల్లీ?" అని ఇద్దరు రైతులు అడిగారు కూడా. ఆ రోజు ఆమెకు బోలెడు ఐదులు పడ్డాయి.

చూశావా అన్నాను.

"చూసినా గానీ, ఎవురి మోటరూ తిరగలేదు కదప్పా" అంది. మర్నాడు మళ్ళీ అన్నా, అక్కా, అవ్వా.

మూడో నెలాఖరున జయప్రకాష్ సార్ ఆమెను గదిలోకి పిలిచాడు. ఆమె రైతులను ఇకపై నేను చూడాలి కాబట్టి నన్నూ పిలిచాడు. నాకు జాలి వేసింది. లోపల కొంచెం గర్వం కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఆమె బతిమాలలేదు. "పోతాలే సార్. పోయేముందు ఒక్కరికన్నా ఫోన్ చేసి నా తప్పేందో అడుగు సార్. తెలుసుకోకుండా పోతే మనసు కుదరదు" అంది.

సార్ జాబితా చూశాడు. అందరికన్నా ఎక్కువగా, ఏడు సార్లు ఒకటి నొక్కింది యల్లక్క. స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"మా పుష్పావతి సేవ మీకెందుకు నచ్చలేదమ్మా?"

"నచ్చలేదని ఎవురు చెప్పినారు?"

"ఏడు సార్లూ ఒకటే నొక్కారు కదా."

"ఒకటి గాక ఇంకేం నొక్కల్ల? ఇస్కూల్లో ఒకటో ర్యాంకు వచ్చినోళ్ళనే కదా మెచ్చుకునేది? ఆ బిడ్డ దయవల్లే నా తోటకు నీళ్ళు పారినాయి. ఒకటి కన్నా పైన ఇంకేమన్నా ఉంటే చెప్పు నాయనా, ఈసారి అదే నొక్కుతా."

పుష్పావతి కొంగుతో ముఖం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. యల్లక్క మాత్రం ఆగలేదు.

"ఇంకొకాయప్ప ఉండాడు. గౌరవనీయ అంటా ఏందేందో చదివి ఫోన్ పెట్టేస్తాడు. ఆయప్పకు ఐదు కొట్టినా."

జయప్రకాష్ సార్ నా వైపు తిరిగాడు. నేను సీలింగ్ ఫ్యాన్ వైపు చూశాను.

పుష్పావతి ఉద్యోగం నిలిచింది. బెంగళూరువాళ్ళు ఆ రికార్డు గొంతును ఇంకా మార్చలేదు. సార్ మాత్రం అంకెలు పక్కనపెట్టి కాల్స్ తానే వింటున్నాడు. నేనిప్పుడు పుష్పక్క పక్క కుర్చీలో పని నేర్చుకుంటున్నాను.

మా నాయన ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఐదులు పడ్డాయని నేను గొప్పగా చెప్పినప్పుడల్లా "పోనీలేబ్బా, అధైర్యపడొద్దు" అనేవాడు. ఎందుకలా అంటాడో నాకు అంతుపట్టేది కాదు. పోయిన గురువారం ఒక రైతు నాకు మొట్టమొదటి ఒకటి నొక్కాడు. వెంటనే నాయనకు ఫోన్ చేసి చెప్పాను. అవతల మగ్గం చప్పుడు ఆగింది.

"ఒకటా?" అన్నాడు. "మీయమ్మకు చెప్తాండా ఉండు."