గేటు దగ్గర సలాం

మా ఆయన డాక్టరు చదువు కోసం వాళ్ళన్న, మా బావగారు, కొత్తగూడలో తన వాటా ఎకరం అమ్మేశారు. "కొలువు దొరికినంక మెల్లగ ఇద్దువు తీ" అన్నారట. ఇప్పుడు ఆ చేనులో పెద్ద ఆఫీసు కడుతున్నారు. బావగారు దానికే వాచ్‌మన్.

మా ఆయనకు దవాఖానలో కొలువు దొరికి ఆరు నెలలైంది. అన్న బాకీ తీర్చడం ఇంకా మొదలుపెట్టలేదు. చిన్నప్పటి నుంచీ కలలు కన్న స్కూటరు మాత్రం ఈ రోజు ఇంటికొచ్చింది. ముందుగా అన్నకే చూపిద్దామని సాయంత్రం నన్ను వెనక ఎక్కించుకుని ఆ గేటు దగ్గరికి వెళ్ళారు.

లైటు కళ్ళలో పడి మమ్మల్ని గుర్తుపట్టలేదేమో, బావగారు గబగబా లేచి గేటు తీసి సలాం కొట్టారు.

"అన్నా, నేనే!"

"నువ్వా తమ్మీ! ఎవరో సారనుకున్న. బండి మస్తుగున్నది. నిమ్మకాయలు తొక్కిచ్చినవా లేదా?" అంటూ వంగి చక్రాలు తడిమి చూశారు.

బాకీ మాట అన్నదమ్ములిద్దరూ ఎత్తలేదు.

డాక్టరు భార్యగా నాకు దొరికిన మొదటి సలాం అది. అన్నం ముందు కూర్చున్నా నుదుటి దాకా లేచిన ఆ చెయ్యే కనిపిస్తోంది. రేపు మళ్ళీ బండెక్కమంటే మీరైతే ఎక్కుతారా?